రన్నింగ్‌లో ఉన్న మనిషి

మా రైల్వే వాళ్ళలో రన్నింగ్ అంటే పరుగెత్తడం కాదు. బండి నడిపే డ్రైవర్లనీ, వెనక డబ్బాలో ఉండే గార్డులనీ కలిపి రన్నింగ్ స్టాఫ్ అంటారు. ఆడవాళ్ళం మాటల్లో ఆ స్టాఫ్ అన్న ముక్క వదిలేస్తాం. "మీ ఆయన ఏం చేస్తడు?" అని అడిగితే "రన్నింగ్" అంటాం, అంతే. లాలాగూడ క్వార్టర్లలో ఇంకేం చెప్పక్కర్లేదు. నేనూ ఇరవై ఎనిమిదేళ్ళు అట్లాగే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా మెడ కాస్త నిటారుగా అయ్యేది, అబద్ధమెందుకు?

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఈ రన్నింగ్ మనిషి అసలు కదలడు. మా ఆయన సామేలు గూడ్సు బండి డ్రైవరు. గంటలకు గంటలు ఇంజన్లో సీటు మీదే. తిండికి వేళాపాళా ఉండదు, నిద్ర ఎప్పుడు దొరికితే అప్పుడే. పెళ్ళినాడు బెల్టుకు ఇంకో రంధ్రం పొడిపించుకున్నంత సన్నటి మనిషి, యాభై మూడేళ్ళు వచ్చేసరికి వంగి బూటు లేసు కట్టుకోలేకపోయాడు. డ్యూటీకి పోయేముందు నేనే కింద కూర్చుని కట్టేదాన్ని.

మార్చిలో మెడికల్‌కు వెళ్ళాడు. డ్రైవర్లకు రెండేళ్ళకోసారి ఆ పరీక్ష తప్పదు. బీపీ చూసిన డాక్టరు మిషన్ చెడిపోయిందేమో అనుకుని మళ్ళీ చూశాడట. షుగరూ అంతే. ఇంజన్ ఎక్కొద్దని సిక్ సెలవులో పెట్టి, "ఆరు వారాలు టైమిస్తున్నా. మందులు వేసుకో, రోజూ నడువు, బరువు తగ్గు. ఇవి దారికొస్తే ఫిట్ రాసిస్తా. లేకపోతే ఇంజన్ సంగతి మర్చిపో" అన్నాడు.

మర్చిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మా పక్క క్వార్టర్ సోమమ్మక్క భర్త వీరస్వామన్న మూడేళ్ళ కిందట అట్లాగే మెడికల్‌లో ఫెయిలయ్యాడు. ఆఫీసులో ఓ మూలన కుర్చీ వేసి రిజిస్టర్లు చేతికిచ్చారు. ఇప్పటికీ ఆయన బండి కూత వినబడితే లేచి కిటికీ మూసేస్తాడు. మీ ఆయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే సోమమ్మక్క "రైల్వేలనే" అని మాట మారుస్తుంది. ఆ 'రైల్వేలనే' అన్న మాట నేను అనాల్సి వస్తుందేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఆయన గుండె ఏమవుతుందోనని కాదు, ఆ మాట అనాలేమోనని. ఇప్పుడు సిగ్గు విడిచి చెబుతున్నాను.

మర్నాటి నుంచి తెల్లవారగానే లేపి, లేసులు కట్టి, స్కూటర్ తీయించి, తార్నాక చౌరస్తా దాటించి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తీసుకుపోయేదాన్ని. ఆ వేళకు ఆర్ట్స్ కాలేజీ రోడ్డు నిండా జనమే. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు గుంపులుగా ఉరుకుతుంటారు. రామంతాపూర్ నుంచి, మల్కాజ్‌గిరి నుంచి కార్లేసుకొచ్చి నడిచేవాళ్ళుంటారు.

"నడవనీకి కారెందుకే వీళ్ళకు?" అన్నాడు మా ఆయన మొదటి రోజు.

"వాళ్ళ సంగతి నీకెందుకయ్యా, నీ కాళ్ళు కదిలియ్యి. పెండ్లి బరాత్‌ల నడిచినట్టు నడుస్తున్నవ్."

"నడుస్తనే ఉన్న గదనే."

"గిది నడకనా? గా ముసలాయనను చూడు, నిన్ను దాటి పోతున్నడు!"

నా నోరు మొదలైతే ఆగదు. అప్పుడు ఆయన తిరిగి నిలబడి రెండు చేతులూ తలపైకి నిటారుగా ఎత్తి, అరచేతులు నాకేసి చూపేవాడు. రైల్వేలో ఎర్రజెండా చేతిలో లేకపోతే అట్లా ఎత్తుతారు. ప్రమాదం, బండి ఆపు అని. మా క్వార్టర్లలో పసిపిల్లలక్కూడా అది తెలుసు. ఇంట్లో నేను సణుగుడు మొదలుపెట్టిన ప్రతిసారీ ఆయన చేసే పని అదే. ఆ చేతులు చూడగానే నాకు నవ్వొచ్చేది, నోరు ఆగిపోయేది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో మా గొడవలు చాలామట్టుకు అట్లాగే ఆగాయి.

కొన్నాళ్ళకు ఆయన కొత్త వేషం ఒకటి మొదలుపెట్టాడు. దారిలో కనబడిన బోర్డునల్లా నిలబడి చదవడం. ఏ డిపార్ట్‌మెంటు, ఎప్పుడు కట్టారు, ఎవరు ప్రారంభించారు, అన్నీ చదివేవాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, చెప్పిన పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిదానంగా చదివేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"చదువుకునే వయసుల చదువలే గానీ ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తవా ఏంది? నడువు!"

ఆయన ఇంకో క్షణం నిలబడి మళ్ళీ నడిచేవాడు.

ఐదు వారాలు కావొచ్చింది. రెండు కిలోలు తగ్గాడు. బీపీ కొద్దిగా దిగింది గానీ డాక్టరు చెప్పిన అంకెకు చాలా దూరంలో ఉంది. ఇంక తొమ్మిది రోజులే మిగిలాయి. నాకు అన్నం సయించడం లేదు. ప్రార్థనలో కూర్చుంటే కూడా ఆ అంకెలే కళ్ళముందు ఆడేవి.

ఆ శనివారం పొద్దున గ్రౌండ్ పక్కన షామియానా కనబడింది. పొద్దున నడిచేవాళ్ళ సంఘమేదో క్యాంపు పెట్టింది. 'మీ గుండె వయసెంత?' అని బ్యానర్ కట్టారు. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పోగలరో చూసి చెబుతారట. నడిచేవాళ్ళది ఒక గుంపు, పరుగెత్తేవాళ్ళది ఇంకో గుంపు. బల్ల దగ్గర ఫారాలు నింపుతున్నది ధరణి అనే పిల్ల. మెడలో ఈల వేసుకుని చురుగ్గా ఉంది. వ్యాయామం మీదే పీహెచ్‌డీ చేస్తోందట, సాయం చేయడానికి వచ్చింది.

"అంకుల్ ఏం చేస్తరు ఆంటీ?" అని నన్నడిగింది. ఆయన నోరు తెరిచేలోపు జవాబు చెప్పడం నాకలవాటు.

"రన్నింగ్" అన్నాను.

"అవునా! ఎన్నేండ్ల సంది?"

"ఇరవై ఎనిమిదేండ్లు."

"రోజూనా?"

"రోజూనే బిడ్డా. పండుగ లేదు, ఆదివారం లేదు."

"సూపర్ అంకుల్!" అని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి రాసుకుంది. "బీపీ, షుగర్ ఏమన్న ఉన్నయా?"

"ఉన్నయి. గోళీలు వేస్కుంటున్నడు. కంట్రోల్‌లనే ఉన్నయి."

"నడుస్తుంటే ఛాతీల నొప్పి, ఆయాసం అసుంటివి?"

"ఛ, ఏం లెవ్వు" అన్నాను. ఆయన షామియానా గుంజకు కట్టిన బోర్డును చదువుతున్నాడు.

ధరణి ఎర్ర బిళ్ళ ఒకటి తీసి ఆయన చొక్కాకు పెట్టింది. నడిచేవాళ్ళకు పచ్చ బిళ్ళ, పరుగెత్తేవాళ్ళకు ఎర్ర బిళ్ళ. అప్పుడు వెలిగింది నాకు. ఆ పిల్ల అడిగింది ఏం వ్యాయామం చేస్తారని. నేను చెప్పింది ఉద్యోగం.

ఆయనకూ అర్థమైంది. "కృపా, గా పిల్లకు చెప్పు. నేను పచ్చది పెట్టుకుంట" అన్నాడు నెమ్మదిగా.

అక్కడ నేను ఒక్క మాట అంటే సరిపోయేది. పొరపాటైంది బిడ్డా, మా ఆయన రైలు డ్రైవరు అంటే అయిపోయేది. నా నోరు పడిపోను, ఎప్పుడూ ఊరుకోని నోరు అప్పుడు ఆ మాట అనలేదు.

"ఉండనియ్యి" అన్నాను. "ఐదు వారాలు నడిస్తే ఏం తగ్గింది? పన్నెండు నిమిషాలు ఉరికితే ఏం పోతది? తొమ్మిది రోజులే ఉన్నది."

"నాతోని కాదే."

"ఇంజన్ ఎక్కుతవా, వీరస్వామన్న లెక్క కుర్చీల కూసుంటవా? నువ్వే చెప్పు."

ఆయన ఎర్ర బిళ్ళ సరిచేసుకుని గీత దగ్గరికి పోయాడు.

ఈల పడింది. పిల్లల వెనక ఆయన కూడా పరుగెత్తాడు. మొదటి రౌండు బాగానే ఉంది, నేను గట్టున నిలబడి "ఉరుకు, ఉరుకు" అని అరిచాను. రెండో రౌండులో ముఖం ఎర్రబడింది, చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మూడో రౌండులో నాకు ఎదురుగా వస్తూ వస్తూ రెండు చేతులూ తలపైకి ఎత్తాడు. నిటారుగా, అరచేతులు నాకేసి చూపిస్తూ.

నా పక్కనున్న కానిస్టేబుల్ పిల్లలు "సూపర్ అంకుల్!" అని కేక పెట్టారు. పందెం గెలిచినవాళ్ళు అట్లా ఎత్తుతారు కదా, వాళ్ళకు అట్లాగే కనబడింది. నాకూ అట్లాగే కనబడింది. రైల్వే ఇంట్లో పుట్టి, రైల్వే ఇంటికే కోడలిగా వచ్చి, వెయ్యిసార్లు ఆ చేతులు చూసిన నేను చప్పట్లు కొట్టాను. ఎగిరి మరీ కొట్టాను.

ఆయన ఇంకొంచెం దూరం వచ్చాడు. చేతులు దిగిపోయాయి. మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయాడు.

ధరణి ఈల పారేసి పరుగెత్తింది. ఎవరిదో కారులో దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది, నేను "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప ఇంకేం చేయలేకపోయాను. రెండు నాళాలు మూసుకుపోయాయన్నారు. అదే రోజు స్టెంట్లు వేశారు. ప్రాణం దక్కింది. సాయంత్రం డాక్టరు నన్ను పిలిచి, "నెల రోజుల నుంచి నడిచినప్పుడల్లా ఛాతీ పట్టేస్తోందటమ్మా. ఆగితే తగ్గుతోందట. మీకు చెప్పలేదా?" అని అడిగాడు.

నాకు ఆయన దారిలో నిలబడి చదివిన బోర్డులన్నీ గుర్తొచ్చాయి.

మూడో రోజు ధరణి వార్డు బయట ఏడుస్తూ కూర్చుంది. "ఆంటీ, నేను సరిగ అడుగలేదు. రన్నింగ్ అంటే రన్నర్ అని రాసిన" అంది. పక్కన కూర్చుని ఆ మాటకు మా వాళ్ళలో అర్థమేమిటో చెప్పాను. ఆ పిల్ల తెల్లబోయి చూసింది. అంతటితో ఆపితే నేను కూడా పొరపడ్డదాన్నయ్యేదాన్ని. ఆపలేదు.

"ఎర్ర బిళ్ళ పెట్టినప్పుడే నాకు తెలిసింది బిడ్డా. ఆయన చెప్పుమన్నడు గూడ. నేనే చెప్పలే. నీ తప్పు ఇసుమంత లేదు."

ధరణి కళ్ళు తుడుచుకుని తల తిప్పుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

మెడికల్ బోర్డు కాగితం జూన్‌లో వచ్చింది. ఇంజన్ ఎక్కే అర్హత పోయింది. డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే గదిలో కుర్చీ ఇచ్చారు. ఆయన కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు డ్యూటీకి మోసిన ఇనుప పెట్టెను తడిగుడ్డతో తుడిచి, తాళం వేసి, అటక మీద పెట్టాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నా చప్పట్లు చూశాడో లేదో కూడా నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే తిరుగుతూ ఉండేది.

దవాఖాన వాళ్ళు నడక మొదలుపెట్టమన్నాక ధరణి ఇంటికొచ్చింది. ఇద్దరికీ బూట్లు కొనిపించింది. "ఆంటీ, గుండె గూడ కండనే. మెల్లగ, ఆగకుండ, రోజూ పని పెడితే గట్టిపడ్తది. గట్టిపడితే తక్కువసార్లు కొట్టుకున్నా రక్తం సరిపోను పంపుతది. బీపీ దిగుతది, షుగర్‌ను కండలు తినేస్తయి, నిద్ర మంచిగ పడ్తది. గానీ గిదంతా నెలల మీద అయ్యే పని" అంది.

"ఎంత స్పీడు నడవాలె బిడ్డా?" అని అడిగాడు ఆయన.

"నడుస్తుంటే మాట్లాడరావాలె అంకుల్, పాట పాడరావొద్దు. గదీ లెక్క. మాట ఆగిందంటే స్పీడు ఎక్కువైనట్టే. నిలబడాలె."

చిక్కేమిటంటే మా ఆయన మాట్లాడడు. మా ఇంట్లో మాటలన్నీ నావే. మొదటి రోజు వంద గజాలు నడిచినా ఒక్క మాట రాలేదు. మళ్ళీ ఏం దాస్తున్నాడోనని నాకు భయం. "ఏదన్న మాట్లాడయ్యా, నీ కాళ్ళు మొక్కుత" అన్నాను. ఆయన దూరంగా ఉన్న దీపస్తంభాన్ని చెయ్యి చాపి చూపిస్తూ "గ్రీన్!" అన్నాడు.

ఇంజన్లో వాళ్ళ పద్ధతి అది. ముందు సిగ్నల్ కనబడగానే ఏ రంగో డ్రైవరు గట్టిగా చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి.

"గ్రీన్" అన్నాను నేను.

అప్పటి నుంచి మా నడక అట్లాగే సాగింది. ప్రతి స్తంభానికీ ఆయన పిలవడం, నేను తిరిగి చెప్పడం. అలుపనిపిస్తే "ఎల్లో" అనేవాడు, ఇద్దరం నిదానించేవాళ్ళం. ఒకట్రెండుసార్లు "రెడ్" అన్నాడు, నేను అక్కడికక్కడే ఆగి ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను. దాటిపోయే పిల్లలు నవ్వుకునేవాళ్ళు. జామై ఉస్మానియా స్టేషన్ వైపు నుంచి బండి కూత వినబడితే మాత్రం ఆయన రెండు స్తంభాలు పిలవకుండా దాటేవాడు.

వానలు వెళ్ళిపోయేసరికి ఆయన మారిపోయాడు. ఎనిమిది కిలోలు తగ్గాడు, బీపీ గోళీ ఒకటి తీసేశారు, రాత్రి పడుకుంటే తెల్లారేదాకా కదలడు. నడకలో వేగం పెరిగింది, పిలుపులో ఆయాసం లేదు. ఆయన వెనకే నేను. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు అప్పటికి నెల రోజులుగా ఆ వేగం అందడం లేదు. వెనకబడితే ఆయన ఆగుతాడు, ఆగితే మళ్ళీ బరువు పెరుగుతాడని భయం. అందుకని పళ్ళ బిగువున నడిచేదాన్ని. జవాబు చెప్పాలి కాబట్టి ఉన్న ఊపిరి అంతా ఆ ఒక్క మాటకు దాచుకునేదాన్ని.

ఆ పొద్దున ఆర్ట్స్ కాలేజీ దాటాక ఎత్తు మొదలైంది. ఆయన ఇరవై అడుగుల ముందున్నాడు.

"గ్రీన్!" అన్నాడు.

నా గొంతులోంచి మాట రాలేదు. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టినట్టుంది.

"గ్రీన్!" అన్నాడు మళ్ళీ.

పిలుద్దామంటే పెదవులు కదిలాయి, చప్పుడు లేదు. రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ తలపైకి ఎత్తాను. ఆయన ముందుకే పోతున్నాడు. పక్క నుంచి పోతున్న పిల్లొకతి "సూపర్ ఆంటీ!" అని నవ్వుతూ దాటిపోయింది.

డ్రైవర్లు వంపు తిరిగేచోట వెనక్కి చూసుకుంటారు, వెనకున్న డబ్బాలన్నీ వస్తున్నాయో లేదోనని. రోడ్డు వంపు దగ్గర ఆయన వెనక్కి చూశాడు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. పరుగెత్తలేదు. వడివడిగా నడుస్తూ, ఊపిరి చూసుకుంటూ, దారంతా గట్టిగా మాట్లాడుతూనే వచ్చాడు. "చూసిన, చూసిన. వస్తున్న. కూసో కృపా, గాడనే కూసో. వస్తున్న."

నన్ను కాలిబాట అంచు మీద కూర్చోబెట్టాడు. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు.

"నొప్పా?"

"ఆయాసం. మీద బరువు పెట్టినట్టున్నది. నెల సంది ఉన్నది."

"నెల సందా! మరి చెప్పలేదేందే?"

"నువ్వు చెప్పినవా?"

ఆయన నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చాడు. ఊపిరి కాస్త కుదుటపడగానే నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. ఇన్ని నెలలు మింగుకున్న మాట.

"గా దినం నువ్వు చేతులెత్తితే నేను చప్పట్లు కొట్టిన."

"చూసిన."

"చూసినవా?"

"ఎదురుంగనే ఉంటివి గదనే."

"మరి ఒక్క మాటన్న అనకపోతివి!"

"ఏమనాలె?" అన్నాడు. "నేను గెలుస్తున్ననుకున్నవు. నా పెండ్లాం గట్ల ఎగిరి చప్పట్లు కొట్టంగ నేనెప్పుడు చూసిన? గందుకే ఇంక నాలుగడుగులు ఉరికిన."

నేను ఏడ్చాను. ఊపిరి లేకపోయినా ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోమనలేదు. ఫోన్ తీసి ఆటో పిలిచాడు.

"దవాఖానకు పోదాం. గాడ ఏ ఫారం ఇచ్చినా నేను నింపుత. నువ్వు నోరు తెరిచినవంటే చూడు."

నేను తలూపాను. కాళ్ళు ఉబ్బి బూట్లు బిగుసుకుపోయాయి. అది ఆయనకెట్లా కనబడిందో, కింద కూర్చుని, వంగి, నా లేసులు విప్పడం మొదలుపెట్టాడు. వంగినా ఆయనకు ఆయాసం రాలేదు.